బాలన్నకు వినిపించే చప్పుడు

మా గద్వాలలో బాలన్న చెవికి నచ్చిన యంత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఫ్యానైనా, సైకిలైనా, పిండి గిర్నీ అయినా సరే, పక్కన చెవి పెట్టడం, మొహం చిట్లించడం, "ఏదో చప్పుడొస్తుంది" అనడం, ఇదీ ఆయన వరస. జీవితమంతా రాయిచూరులో పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసి ఇంటికొచ్చిన మనిషి. మిల్లును వదిలాడు గానీ యంత్రాల మీద దిగులును మాత్రం వెంటపెట్టుకొచ్చాడు.

ఒకసారి కర్నూలు బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. ఊరు దాటకముందే లేచి డ్రైవర్ దగ్గరికి పోయాడు.

"సారూ, ఎనక చక్రంల చప్పుడొస్తుంది."

"బస్సన్నంక చప్పుడు రాదా పెద్దాయనా?"

"గది కాదు. ఇంకో చప్పుడు."

పాపం డ్రైవర్ దిగి చూశాడు. కండక్టర్ కూడా దిగి చక్రాన్ని నాలుగు తన్నులు తన్నాడు. చక్రం నిక్షేపంగా ఉంది. బాలన్న మాత్రం మళ్లీ బస్సెక్కలేదు, నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయాడు. మా చెల్లెలి పెళ్లిలో సరిగ్గా తలంబ్రాల వేళకు జనరేటర్ ఆపించిందీ ఈయనే. ఆ చీకట్లో తలంబ్రాలన్నీ పెళ్లి చేయించే అయ్యగారి నెత్తిన పడ్డాయి.

అప్పట్లో నాకు పాత బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు ఉండేది. రెండువేల ఐదు చివర్లో పక్క షట్టర్‌లో భవ్యశ్రీ మోటారు వైండింగ్ దుకాణం తెరిచింది. మగ్గం నేసే మల్లేశ్ కూతురు. తోటి పిల్లలంతా ఇంటరనీ, ఎంసెట్ అనీ హైదరాబాదు హాస్టళ్లకు ఎగబడుతుంటే, ఈ పిల్ల పదో తరగతి కాగానే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు తీసుకుంది. ఇక చూడండి, ఎవరో పోయినట్టు అందరూ మల్లేశ్‌ను పరామర్శించడమే.

"మార్కులు తక్కువొచ్చినయా అన్నా?"

"బాగనే వచ్చినయి."

"మరేమైంది?"

ఏమీ కాలేదని చెప్పీ చెప్పీ ఆయనకే అనుమానం పట్టుకుంది. కూతురి బతుకు చేజేతులా పాడుచేశానేమోనని నిద్ర మానేశాడు. చివరికి ఒకరోజు నా ముందే గడువు పెట్టాడు.

"బిడ్డా, జమ్ములమ్మ జాతర దాంక చూస్త. అంతల ఒక్క బోరు మోటారన్న నీ కాడికి రావాలె. రాకుంటే షట్టర్ దించి ఇంటర్ ఫీజు కట్టుడే. మల్ల ఇంజనీరింగ్."

"సరే నాయినా" అంది పిల్ల.

రైతులు రాకపోలేదు. వచ్చేవారు, లోపలికి తొంగిచూసేవారు, పానా పట్టుకున్న ఆడపిల్ల కనబడేసరికి గుమ్మంలోనే ఆగేవారు.

"మీ నాయిన లేడా అమ్మా?"

"మగ్గం మీద ఉన్నడు. ఏం పని?"

"ఏం లేదులే" అని మోటారు బండితో సహా అవతలి వీధికి పోయేవారు. వాళ్లనూ అనలేం. మోటారు కాలితే వేరుశనగ ఎండుతుంది, ఎవరి భయం వాళ్లది. జాతర దగ్గరపడుతున్నకొద్దీ బూతులో కూర్చుని నేనే రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఆ దుకాణానికి నికరంగా వచ్చేది బాలన్న ఒక్కడే. రోజూ పొద్దున్నే, బస్టాండు కిటకిటలాడే వేళకు, ఏదో ఒకటి మోసుకొచ్చేవాడు. ఒకరోజు టేబుల్ ఫ్యాను, మరుసటిరోజు కోడలు ఎల్లమ్మ వంటింట్లోంచి మిక్సీ. పచ్చడి సగంలో ఉండగా లాక్కొచ్చాడని ఎల్లమ్మ నా బూతులోంచి పుట్టింటికి ఫోన్ చేసి ఏడ్చింది.

"లోపల చీకటున్నది బిడ్డా, నాకు కండ్లు కానరావు. బయట కూసోని ఇప్పు" అని స్టూలు రోడ్డు మీదికి లాగేవాడు. ఆ పిల్ల విప్పేది, తుడిచేది, బిగించేది. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా చుట్టూ మూగేవారు.

"ఇప్పుడొస్తుందా తాతా?" అని ఆ పిల్ల అడిగేది.

ఆయన చెవి పెట్టి, ఊరంతా వినేలా అనేవాడు: "జర తగ్గింది."

ఎప్పుడూ అదే మాట. పోయిందని ఒక్కనాడూ అనలేదు. ఈ ముసలాయన ఉన్న బేరం కూడా చెడగొడుతున్నాడని నాకు ఒళ్లు మండేది.

జాతరకు ఇంకా వారం ఉందనగా గట్టు అనే ఊరి నుంచి కురుమయ్య అనే రైతు కాలిన మోటారుతో దిగాడు. ఊళ్లో వైండింగ్ దుకాణాలన్నీ నిండిపోయి, పది రోజుల దాకా కుదరదన్నారట. పంట మీద బెంగతో మనిషి సగమైపోయాడు. "రోడ్డు మీద కూసోని మిక్సీలు ఇప్పే పిల్లవు నువ్వే గద" అని మోటారు దించాడు. దించాడే గానీ కదలలేదు. భవ్యశ్రీ రాగి తీగ చుట్టినంతసేపూ గోళ్లు కొరుకుతూ ఎదురుగానే కూర్చున్నాడు. మల్లేశ్ మగ్గం దిగి వచ్చి, లోపలికి రాలేక నా బూతు వెనక నిలబడ్డాడు.

మర్నాటికి పని అయింది. నీళ్ల డ్రమ్ములో మోటారు దించి స్టార్టర్ నొక్కింది. తిరిగింది. అందరం ఊపిరి వదలబోతుండగా రానే వచ్చాడు బాలన్న. నా ప్రాణం పోయింది. బస్టాండులో ఈయన తీర్పులు విన్నవాడేమో, కురుమయ్య ఎదురెళ్లి మరీ అడిగాడు.

"పెద్దాయనా, నువ్వు జెప్పు. చప్పుడేమన్న వస్తుందా?"

బాలన్న డ్రమ్ము మీద అరచేయి ఆనించాడు. తర్వాత చెవి పెట్టాడు.

"అస్సలు లేదు. తీస్కపో" అన్నాడు.

జాతరనాటికి ఆ దుకాణం ముందు నాలుగు మోటార్లున్నాయి. మల్లేశ్ ఇంటర్ ఫీజు ఊసెత్తలేదు.

చప్పుడు లేదన్న బాలన్నను చూసి నాకు మాత్రం భయం వేసింది. మనిషికేదో అయిందని కర్నూలు దవాఖానకు పట్టుకుపోయాను. డాక్టర్ పరీక్ష చేసి, మిల్లు మోతకు చెవులు దెబ్బతిన్నాయి, ఆ చప్పుడు యంత్రాలది కాదు, ఈయన చెవులదే అన్నాడు.

"పోయినేడు రాయిచూరు డాక్టరు గూడ గదే జెప్పిండు" అన్నాడు బాలన్న నింపాదిగా.

తిరుగు బస్సులో నిలదీశాను. "తెలిసి కూడా అవన్నీ ఎందుకు మోసినవ్ తాతా?"

"పిల్ల పని జేస్తది. గని జేస్తదని నలుగురు చూడాలె గద. బస్టాండు కంటె ఎక్కువ మంది యాడుంటరు?"

"మరి ఆ దినం చప్పుడు లేదంటివి?"

"చెవులకైతే వచ్చింది, ఎప్పటి లెక్కనే. చెయ్యికి రాలే. డ్రమ్ము జర గూడ అదరలే. ఇగ నా చెవుల మోత పాపం గా రైతు నెత్తినెందుకు పెట్టాలె?"

ఈసారి బస్సు మధ్యలో దిగలేదు. ఊరొచ్చేదాకా హాయిగా నిద్రపోయాడు.

డాక్టర్ ఇచ్చిన చెవి మిషను పెట్టుకున్న మర్నాడు, పొద్దున్నే దుకాణం ముందు ప్రత్యక్షమయ్యాడు. మొహం నిండా కంగారు. మిషను తీసి స్టూలు మీద పెట్టాడు.

"బిడ్డా, గిది పెట్టుకున్నకాంచి మాటలన్ని ఇనొస్తున్నయి, గా చప్పుడే వస్తలేదు. పాడైనట్టుంది, జర చూడు."

భవ్యశ్రీ చేతిలో పని పక్కన పెట్టింది. మిషను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, కొంగుతో తుడిచి, తనే ఆయన చెవికి పెట్టింది.

"ఇప్పుడు తాతా?"

బాలన్న మొహం చిట్లించి కాసేపు విన్నాడు.

"జర వస్తుంది" అన్నాడు తృప్తిగా.