ఆరు ఆఫీసులకు ఒకే హాజరు

ఒక కంపెనీ పరువు నా చేతుల మీదుగా పావుగంటలో ఎలా పోయిందో చెబుతాను. కాఫీ తాగుతూ చదవకండి, మీ చొక్కాకు నా పూచీ లేదు.

అమీర్‌పేటలో మూడు నెలల నెట్‌వర్కింగ్ కోర్సు చేసి, సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించుకుని, ప్రపంచంలోని తీగలన్నీ నా కోసమే ఎదురుచూస్తున్నాయనుకున్న వయసు. పంజాగుట్టలో ప్రసాదరావు గారి చిన్న కంపెనీలో చేరాను. మా ఖాతాదారు మల్లేశం గారి కొరియర్ సంస్థకు ఊళ్లో ఆరు ఆఫీసులు. వాటి కంప్యూటర్లను మా గదిలోంచే కనిపెట్టుకుని ఉండడం నా పని. మా కంప్యూటర్ నిమిషానికోసారి ఒక్కో ఆఫీసును "ఉన్నావా?" అని అడుగుతుంది. "ఉన్నా" అంటే తెర మీద పచ్చచుక్క. ఉలక్కపోతే ఎర్రచుక్క.

ఎర్రచుక్కలకు కరువుండేది కాదు. ఓసారి యూసుఫ్‌గూడకు ఫోన్ చేశాను.

"అన్నా, మీ లైన్ పడిపోయింది."

"పడలే తమ్మీ, మేమే పీకినం. చాయ్ కెటిల్ పెట్టాలె గదా."

"నెట్ బాక్సు ప్లగ్గు పీకి కెటిలా?"

"ఉన్నది ఒక్కటే ప్లగ్గాయె. చాయ్ లేకుంటే స్టాఫ్ మొత్తం డౌన్ అయితది. ఏది ముఖ్యమో నువ్వే చెప్పు."

ఒక శనివారం ప్రసాదరావు గారు పిలిచారు. "సోమవారం మల్లేశం గారు స్వయంగా చూడ్డానికి వస్తున్నారు. ఒక్క ఎర్రచుక్క కనబడినా కాంట్రాక్టు పోతుంది. దాని వెనకాలే నువ్వూ పోతావు."

"మీరు నిశ్చింతగా ఉండండి సార్," అన్నాను. ఈ మాట నేనన్నాక ఎవరైనా నిశ్చింతగా ఉన్న దాఖలా లేదు.

ఇక్కడ నా చదువు గురించి ఒక ముక్క. కోచింగ్ సెంటర్లో పొద్దుటి బ్యాచ్‌కు రాని ఐదుగురు రూమ్మేట్ల తరఫున ఐదు గొంతులతో "ప్రెజెంట్ సార్" అన్న ఘనుణ్ణి. ఆ విద్యనే మా కంప్యూటర్‌కు నేర్పాను. అందులో ఉన్న ఆరు ఆఫీసుల నెట్ చిరునామాలూ చెరిపేసి, ఆరుచోట్లా దాని సొంత చిరునామాయే పెట్టాను. ఇక అది తనను తానే "ఉన్నావా?" అని అడుగుతుంది, "ఉన్నా" అని తానే చెప్పుకుంటుంది. ఆరు చుక్కలూ కొత్తిమీర కట్టల్లా నిగనిగలాడాయి.

సోమవారం మల్లేశం గారు తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మస్తుందయ్యా. గీ యూసుఫ్‌గూడ ఎప్పుడు జూసినా పండుకునే ఉంటది, ఇయ్యాల జోరుగున్నదే."

"పొద్దుట్నుంచి రెప్ప వెయ్యలేదు సార్."

ప్రసాదరావు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. అక్కడితో ఆగొచ్చు. కానీ నాకు నోరంటూ ఒకటి ఏడిసింది కదా.

"మరి సనత్‌నగర్?" అన్నారు మల్లేశం గారు.

"అది మన క్లాస్ ఫస్టు సార్. ఈ క్షణాన కూడా నాలుగు కంప్యూటర్లూ ఉరకలేస్తున్నాయి."

"నాలుక్కి నాలుగా?"

"నాలుగూ సార్. ఇప్పుడే పలకరించాను."

"జర ఇటు రా తమ్మీ," అంటూ ఆయన లేచి కిటికీ దగ్గరికి నడిచారు.

కిటికీలోంచి చూశాను. కింద ట్రాలీ ఆటో. అందులో తాళ్లతో కట్టిన నాలుగు కంప్యూటర్లు, వాటి మీద టేబుల్ ఫ్యాను, అన్నిటికీ పైన "సనత్‌నగర్ శాఖ" అన్న బోర్డు.

"నిన్ననే ఖాళీ చేసినం. శ్రీనగర్ కాలనీకి మారుస్తున్న. ఆ ముచ్చట సుత చెప్దామని వచ్చిన. గా ట్రాలీల ఉరకలేస్తున్నయా?"

"ఏంటయ్యా ఇది?" అన్నారు ప్రసాదరావు గారు, నా భుజం మీది చెయ్యి తీసేస్తూ.

ఆ గదిలో ధైర్యంగా "ఉన్నా" అంటున్నది ఆ తెర ఒక్కటే.

మల్లేశం గారు కాసేపు నవ్వి, తీర్పు చెప్పారు. "కాంట్రాక్టు ఉండనీయండి. కానీ రేపటి సంది గీ తమ్మి ఆరు ఆఫీసులకు దినాం పోయి, కండ్లతోని జూసి రావాలె."

ఏడాది తిరిగాను. మొదటిరోజే యూసుఫ్‌గూడకు ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు పట్టుకెళ్లాను. సగం ఎర్రచుక్కలు దానితోనే పోయాయి. అంత సులువైన పని నా సర్టిఫికెట్‌కు తట్టలేదు. కబురు మాత్రం నాకంటే ముందే అక్కడికి చేరింది. గడప తొక్కగానే స్టాఫంతా ఒకే గొంతుతో "ఉన్నావా?" అనేవారు. "ఉన్నా" అంటేనే చాయ్.

అందుకే ఆ కెటిల్ మీద ఒట్టేసి చెబుతున్నాను, లేనివాడి తరఫున ఈ జన్మలో మళ్లీ పలకను. మొన్న మా అపార్ట్‌మెంట్ మీటింగులో నా పేరు పిలిస్తే కూడా, ఒకసారి ఒళ్లు తడుముకుని చూసుకున్నాకే చెయ్యెత్తాను.