చివరి పేజీ కోసం శాక్రమెంటో

ఆ పుస్తకం చివరి పేజీలు ఎవరు చింపారో తెలియదు. ఆ మనిషి దొరికితే నాలుగు తిట్టి పేజీలు లాక్కునేదాన్ని, ఈ ప్రయాణం తప్పేది.

శాంటా క్లారాలో ఒక కేటరింగ్ వంటింట్లో నేనూ రత్నం పద్నాలుగేళ్ళు కలిసి పనిచేశాం. యాభై మూడేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. మధ్యాహ్నాలు గిన్నెలు ఆరేలోపు రత్నమే గళ్ళ నోటుబుక్కులో గడికో అక్షరం రాయించి నేర్పింది. నేను మొదట చదివిన పుస్తకం గుడిలో పాత పుస్తకాల బీరువాలో దొరికింది. జపాను నవలకి తెలుగు అనువాదం. కోట కట్టే పనికి వెళ్ళిన మేస్త్రీ తన భార్యకి రాయించిన ఉత్తరాన్ని ఒకడు పరుగున మోసుకెళ్ళే పాతకాలం కథ. మోసేవాడికి చదువు రాదు. ఆగిన ప్రతి సత్రంలో ఉత్తరం మడత మీద ఒక అక్షరం చూపించి ఇదేమిటని అడుగుతాడు. పదిహేడో రోజు, ఊరి పొలిమేరలో, పుస్తకం తెగిపోయింది.

"చూస్తూ ఉండు వదినా, ఇల్లు చేరేసరికి వాడికి చదువొచ్చేస్తుంది," అంది రత్నం.

"రాదు. పరిగెత్తేవాడికి అక్షరాలెక్కడ అంటుతాయి?" అన్నాను.

ఆ పోట్లాట తేలలేదు. ఇప్పుడు రత్నం జార్జియాలో, కమ్మింగ్‌లో, కూతురి దగ్గర ఉంది. షుగర్ కళ్ళు తీసేసింది. పొద్దున ఏం తిన్నదో గుర్తుండదు గానీ ఫోన్ చేస్తే ఇదే అడుగుతుంది. పోయిన వారం, "నేను పోయేలోగా చెప్తావా లేదా?" అంది. ఫోన్ పెట్టేసి, పుస్తకం తీసి అట్ట తిరగేశాను.

రచయిత చివరి రోజులు శాక్రమెంటోలో కూతురి ఇంట్లో గడిపాడని అట్ట వెనక ఉంది. నేను వంట చేసే ఇంటి అమ్మాయి వెతికితే ఆ ఇంట్లో రెండు గదులు ఇప్పుడు గ్రంథాలయమని తేలింది. శనివారాలే తెరుస్తారు, ముందుగా ఫోన్ చేయాలి. ఆ అమ్మాయే చేసింది.

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి శాంటా క్లారాలో రైలెక్కాను. పెద్దవాళ్ళకి టికెట్‌లో తగ్గింపు ఉంది, అడగాలి. ఎదుటి సీట్లో డేవిస్ యూనివర్సిటీలో చదివే గుంటూరు పిల్ల కూర్చుంది. డబ్బాలో పులిహోర చూసి పలకరించింది, ఎక్కడికని అడిగితే చెప్పాను.

"జపనీస్ రైటర్ కోసమా ఆంటీ? నెట్‌లో సమ్మరీ ఉంటుంది కదా, సెర్చ్ చేయనా?"

"చెయ్యి. దొరికితే తర్వాతి స్టేషన్‌లో దిగిపోతా."

చాలాసేపు వెతికింది. "ఎండింగ్ కంటతడి పెట్టిస్తుందని రాశారు ఆంటీ. ఏమవుతుందో మాత్రం రాయలేదు."

"ఏడుపు నాకూ వచ్చు. దాని కోసం ఎవరూ రాయక్కర్లేదు," అన్నాను. పిల్ల నవ్వి సగం పులిహోర తినేసింది. డేవిస్‌లో తను దిగాక రైలుపెట్టె ఖాళీ అయినట్టు అనిపించింది.

పదకొండున్నరకి శాక్రమెంటో. బస్సులో ఇరవై నిమిషాలు. తలుపు తీసింది ఆ గ్రంథాలయం చూసుకునే జపాను ఆవిడ, నా వయసే, పుట్టింది ఇక్కడే. చేతులు కడుక్కోమంది, పాత కాగితాల మీద సిరా పడకూడదని నా పెన్ను తీసుకుని పెన్సిల్ ఇచ్చింది. రిజిస్టర్‌లో వచ్చిన పని రాయాలి. "ముగింపు కోసం" అని తెలుగులో రాశాను.

"ఇది నాకు చదవడం రాదు," అంది ఇంగ్లీషులో. "జపాను అక్షరాలు కూడా రావు. మా అమ్మకి వచ్చేవి."

నాది వంటింటి ఇంగ్లీషు. "నేర్చుకోండి. నేను యాభై మూడేళ్ళకి నేర్చుకున్నాను," అన్నాను. ఆవిడ మొహం ఎర్రబడి, తర్వాత నవ్వింది.

రచయిత పోస్టాఫీసులో గుమాస్తాగా చేశాడట, నలభై దాటాకే రాయడం మొదలుపెట్టాడట. కథలో మనిషి నడిచే దారిని చేతిలో గడియారంతో తనూ నడిచి చూస్తే గానీ రాసేవాడు కాదు. భార్య పోయాక ఇక్కడికి వచ్చాడు. ఇంగ్లీషు రాలేదు. రోజూ ఏటి గట్టున ఒక్కడే నడిచి వచ్చి, జపాను దారుల గురించి రాసుకునేవాడు. మడమలు అరిగిన బూట్లు బల్ల కింద అలాగే ఉన్నాయి.

ఆవిడ ఆ నవల చేతిరాత ప్రతిలో చివరి కాగితం తెచ్చి పెట్టింది. అంతా గళ్ళు. గడికో అక్షరం, పెన్సిల్‌తో. జపానులో రచయితలు అలాగే రాస్తారట. నా నోటుబుక్కు గుర్తొచ్చింది.

తర్వాత ఆవిడ ఇంగ్లీషు అనువాదం తెచ్చి చివరి అధ్యాయం చదివింది. నాకు అర్థం కావడానికి మూడుసార్లు చదివింది. వాడు ఇల్లు చేరతాడు. ఇంట్లో ఎవరూ ఉండరు. ఉత్తరం గడప మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి ఉంచి, వెనక్కి తిరుగుతాడు.

"ఇంతేనా? వాడికి చదువు రాలేదా?"

"రాలేదు. ఈ కథ పాత దస్తావేజుల్లోంచి తీసుకున్నదట, వాటిలో అంతవరకే ఉందట. అవి ఆగిన చోట ఆయన సొంతంగా కల్పించేవారు. ఇక్కడ మాత్రం..." కాగితం కింది సగం చూపించింది. గళ్ళలో ఏదో రాసి చెరిపిన మరకలు. ఏం రాశాడో ఎవరికీ తెలియదు.

నాలుగూ పదికి తిరుగు రైలు. రైలుపెట్టెలో నలుగురే మనుషులు. మార్టినెజ్ దగ్గర వంతెన కింద నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయి. రత్నానికి ఫోన్ చేశాను.

"చేరాడా వదినా?"

"చేరాడు. ఇంట్లో ఎవరూ లేరు."

"మరి, చదువొచ్చిందా?"

నేనే గెలిచాను. ఆ మాట నాలుక చివర ఉంది. జీవితంలో ఎవరి మొహం చూసీ మాట మార్చుకున్నదాన్ని కాదు. ఒళ్ళో పెన్సిల్ ఉంది, తిరిగివ్వడం మర్చిపోయాను.

"వచ్చింది," అన్నాను. "గడప మీద కూర్చుని, ఉత్తరం విప్పి, పైకి చదివాడు. కూడబలుక్కుంటూ."

"మొత్తమా?"

"మొత్తం."

రత్నం నవ్వింది. "నేను చెప్పలా! నువ్వే వినలేదు."

"నేనే వినలేదు."

"ఇంతకీ మేస్త్రీ ఏం రాయించాడు?"

గళ్ళలో చెరిపేసిన మరకలు కళ్ళముందు కదిలాయి. రైలు శాంటా క్లారా చేరడానికి ఇంకా రెండు గంటలుంది.

"పెళ్ళాం పేరుతో మొదలుపెట్టాడు," అన్నాను. "నెమ్మదిగా చెప్తాను, విను."