తెల్లచీరకు నాలుగు మూలలు

చిటికెడు పసుపుతో ఒక పెళ్లిచీరనూ, ఒక బట్టలకొట్టు పరువునూ, నా మద్రాసు ప్రయాణాన్నీ, వాటికన్నా విలువైన ఇంకోదాన్నీ ఒకే సాయంత్రం ముంచేసిన ఘనురాలిని నేను. ఉప్పెనకైనా ముందు గాలి వీస్తుంది, మబ్బు పడుతుంది. నేను ఏ సూచనా లేకుండా వచ్చాను. పైగా జడ వేసుకుని, పౌడరు రాసుకుని మరీ వచ్చాను.

డెబ్బైల మొదట్లో సంగతి. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. రేపల్లెలో నా అంత పొడుగు ఆడపిల్ల లేదు. మా ఇంటికి వచ్చిన పెళ్లివారు ముందు నన్ను కూర్చోబెట్టి చూసి ముచ్చటపడేవారు. తర్వాత లేచి నిలబడమనేవారు. నేను లేచేసరికి వాళ్లూ లేచి చెప్పులు వెతుక్కునేవారు. "అమ్మాయి బాగానే ఉందండి, కాస్త ఎక్కువగా ఉంది" అన్నాడు ఒకాయన మా నాన్నతో. నాన్న తాలూకాఫీసులో గుమాస్తా. ఎవరేమన్నా "అవునండి" అనడం ఆయనకు ఆఫీసులో పట్టుబడిన అలవాటు. ఆ రోజూ అదే అన్నారు.

అలాంటి నా పొడుగు చూసి ఒక మనిషి మొహం వెలిగింది. ఆయన తెనాలి బట్టలకొట్టు కోటయ్యగారు. కొట్టుకు కొత్తగా అద్దాలు బిగించి షోరూము అని పేరు పెట్టుకున్నాడు. మద్రాసు మిల్లువాళ్లు నమూనా చీరలు ఇస్తారట. పెళ్లిళ్ల సీజనుకు ముందు వాటిని తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఆడపిల్లకు కట్టి, బల్లల మీద నడిపించి, జనానికి చూపించాలట. దాన్ని ఫ్యాషన్ పెరేడు అంటారట. మూడో పెరేడుకు మిల్లు ఏజెంటు స్వయంగా వస్తాడు. పిల్ల నచ్చితే మద్రాసు తీసుకెళ్లి మోడలును చేస్తాడు.

"నీలాంటి మనిషికి కడితే కుచ్చెళ్లు కూడా గౌరవంగా నిలబడతాయమ్మాయ్" అన్నాడు కోటయ్యగారు.

పుట్టి బుద్ధెరిగాక నా ఎత్తును మెచ్చుకున్న మొదటి మగవాడు ఆయనే. బోల్తా పడక ఏం చేస్తాను? స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాశారు. లావెక్కకూడదు, జుట్టు కత్తిరించకూడదు, స్టేజీ మీద నవ్వు ఆపకూడదు, చీరకు ఏం జరిగినా పూచీ మోడలుదే. చీరకు ఏం జరుగుతుంది, పారిపోతుందా అని నేను నవ్వాను. నాన్న "అవునండి" అని సంతకం చేశారు.

బంధువులు మా గుమ్మం ఎక్కడం మానేశారు. మా వీధిలో సంతోషించింది ఒక్క రూతు. వాళ్ల నాన్న మిషన్ బడిలో మాస్టారు. అక్షరాలు దిద్దుకున్న నాటినుంచీ మేమిద్దరం ఒకే బెంచీ.

"ఒసేయ్ వసంతా, మద్రాసు వెళ్లాక నీ ఫోటో మీద సంతకం పెట్టి పంపవే" అంది.

"నీకెందుకే ఫోటో? మనిషినే వస్తాగా" అన్నాను.

"అప్పుడు నువ్వు రావులేవే. నీ కారు వస్తుంది."

కారు సంగతి పక్కన పెట్టండి. మోడలు ఉద్యోగం అంటే మీ మనసులో ఏదో బొమ్మ ఉండి ఉంటుంది. నాకూ ఉండేది. అసలు సంగతి వినండి. శిక్షణ ఇవ్వడానికి మద్రాసు నుంచి లిల్లీ మేడమ్ వచ్చింది. నెత్తిన పుస్తకం పెట్టి నడవమంది. మంచినీళ్ల చెరువు నుంచి నెత్తిన బిందె, చంకన బిందె మోసిన దాన్ని నేను. పుస్తకం ఉన్న సంగతే మర్చిపోయి దాంతోనే మెట్లు దిగి వీధిలోకి వచ్చేశాను. నడకలో తప్పు దొరక్క ఆవిడ నా నవ్వు మీద పడింది. "పళ్లు కనపడాలి, చిగుళ్లు కాదు" అనేది. లంగా బొందు ఊపిరి ఆడకుండా బిగించి కట్టేది. కుచ్చెళ్లకు పిన్నులు, పమిటకు పిన్నులు, జాకెట్టుకు వెనక పిన్నులు. గట్టిగా తుమ్మితే ఏదో ఒకటి గుచ్చుకునేది. పొట్ట కనపడుతుందని అన్నం పెట్టేవాళ్లు కాదు. సగం ఇడ్లీ తిని, కడుపు కాలుతుంటే నవ్వుతూ నిలబడాలి.

పెరేడు లేని రోజుల్లో పెళ్లిచీర కట్టుకుని కొట్టులో అద్దాల వెనక నిలబడటం డ్యూటీ. బేరానికి వచ్చిన ఆడవాళ్లు గుంజకు ఆరేసిన గుడ్డను పట్టి చూసినట్టు నా పమిట పట్టి చూసేవారు. "పిల్లను పక్కన పెట్టు వదినా, చీర బాగుంది" అనుకునేవారు నా ముందే. ఒకాయన పెళ్లాం పిల్లలు పక్కనుండగానే "చీరతో పాటు బొమ్మ కూడా వస్తుందా కోటయ్యా" అన్నాడు. కోటయ్యగారు పడీపడీ నవ్వాడు. నవ్వు ఆపకూడదని అగ్రిమెంటులో ఉంది కాబట్టి నేనూ నవ్వాను. లోపల ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే కాటుక కారి చీర మీద పడుతుంది, దాని పూచీ నాది. అందుకని అదీ లేదు. అయినా ఓర్చుకున్నాను. ఏజెంటు వస్తాడు, మద్రాసు వెళ్తాను, నన్ను లేచి నిలబడమన్న వాళ్లందరూ టిక్కెట్టు కొనుక్కుని నన్ను చూస్తారు. రోజూ మెట్లెక్కేముందు ఇదే జపం.

తెనాలి పెరేడు గండం లేకుండా గడిచింది. బాపట్లలో బెంచీలు కలిపి స్టేజీ కట్టారు. రెండు బెంచీల సందులో నా ఎత్తుమడమ జోడు దిగబడింది. జోడు అక్కడే ఆగింది, నేను ముందుకు వెళ్లాను. మోకాలు చిట్లింది. కుర్రకారు ఈలలు బస్టాండు దాకా వినపడ్డాయట.

ఇంటికి వచ్చాక అమ్మ మోకాలికి కట్టు కడుతూ తీర్పు చెప్పింది. "కొత్తచీరకు పసుపు పెట్టకుండా కట్టావు. పడక ఏం చేస్తావ్?"

కొత్తబట్ట ఏదైనా కొసన కాస్త పసుపు తాకించిగాని ఒంటిమీద వేసుకోనివ్వదు అమ్మ. ఆమాటకొస్తే మా వైపు ఎవరూ వేసుకోరు.

"అది బెంచీల సందమ్మా."

"సందు పొద్దుటినుంచీ ఉంది. ఎవరూ పడలేదు. నువ్వే పడ్డావ్."

ఎస్సెల్సీ దాకా చదివాను. ఈ ప్రశ్నకు జవాబు ఏ పాఠంలోనూ లేదు.

మూడో పెరేడు మా రేపల్లెలోనే. మా వెనక వీధి సినిమా హాల్లో ఆ రోజు ఆట ఆపి పెట్టారు. హాల్లో బట్టలు మార్చుకునే చోటు లేదని కోటయ్యగారు మధ్యాహ్నమే చీరల మూట మా ఇంట్లో దింపి, ఇస్త్రీ చేసి ఉంచమన్నాడు. ఐదు మిల్లువి, తిరిగి ఇచ్చేయాల్సినవి. ఆరోది తెల్ల బెనారస్ పట్టుచీర. అది రూతు పెళ్లిచీర.

రూతు పెళ్లి ఆ వారంలోనే. చీర కోటయ్యగారి చేతే తెప్పించారు. పెరేడు చివర ఒక్కసారి చూపించి ఇచ్చేస్తానని ఆయన మాస్టారిని బతిమాలాడు. మాస్టారు తటపటాయించారు. రూతే ఒప్పుకుంది.

"నాకంటే ముందు ఇంకెవరు కట్టినా ఊరుకునేదాన్ని కాదే. నువ్వు గనక సరే" అంది నాతో.

ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది.

అమ్మ పసుపు గిన్నె తెచ్చి పెట్టింది. ఐదు చీరలకూ కొసల్లో చుక్కలు పెట్టాను. చిలకపచ్చ మీద, వంకాయరంగు మీద అంతగా తెలియలేదు. ఆరోది తీయబోతుంటే అమ్మే ఆపింది.

"దానికి వద్దులేవే. తెల్లది. పైగా వాళ్లకు ఈ ఆచారం లేదుగా."

పసుపు పెట్టమని ప్రాణం తీసే మా అమ్మే వద్దంటోంది. పాఠకులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నేను పెట్టుకోలేదు.

"నా స్నేహితురాలి పెళ్లిచీర కట్టుకుని నేను కిందపడితే దానికెంత అశుభం? దానికి మంచి జరగొద్దా?" అన్నాను. ప్రేమ పొంగింది. మిగతా వాటికి ఒక్కొక్క కొస. దీనికి నాలుగు మూలలా, నాలుగు చుక్కలు, తడిచేత్తో.

తడిపట్టు మీద చుక్క చుక్కలా ఉండదు. రూపాయంత అయింది, తర్వాత అప్పడమంత అయింది.

"చెప్పానా" అంది అమ్మ.

లోకంలో అందరూ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. నేను సబ్బు పట్టుకున్నాను. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి కలిపిన ప్రతి ఆడపిల్లకూ తెలుసు. బట్టల సబ్బుకూ అదే గుణం ఉందని పట్టుచీర మూలన రుద్దాక తెలిసింది. రుద్దిన కొద్దీ ఎర్రబడింది. ఎర్రబడిన కొద్దీ రుద్దాను. నాలుగు మూలలూ పూర్తయ్యేసరికి చీరకు పసుపు పోయి కుంకుమ వచ్చింది.

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. "వాళ్లకు బొట్టే లేదు కదే, చీరకు పెట్టావా" అంది. ఈలోగా కోటయ్యగారు గుమ్మంలోంచి "అమ్మాయ్, హాలు నిండింది" అని కేకేశాడు.

లోపలి రెండు మూలలూ బొడ్లో దోపి, పమిట మూలలు రెండూ గుప్పిట్లో పట్టుకుంటే సరిపోతుందనుకున్నాను. ముందు ఐదు చీరలూ కట్టాలి కదా. వాటిలో రెండోది కట్టుకుని వెళ్లేసరికే ముందు వరసలో ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు.

"కొసన పసుపు చూశావా అక్కా? ఎవరో కట్టి విడిచినవి తెచ్చి కొత్తవంటున్నాడు."

"పెళ్లికి ఇవా కొనేది? పద పోదాం."

కోటయ్యగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్కన మిల్లు ఏజెంటు నల్లకళ్లజోడు తీసి చీరల కొసలు చూస్తున్నాడు. నేను మాత్రం నవ్వుతూనే ఉన్నాను. పళ్లు కనపడ్డాయో చిగుళ్లు కనపడ్డాయో తెలియదు.

ఆఖరుకు తెల్లచీర. రెండో వరసలో మాస్టారు, ఆయన పక్కన రూతు. నన్ను చూసి మొహం ఇంత చేసుకుని చెయ్యి ఊపింది. నేను గుప్పిట బిగించి నడిచాను. బల్లల చివరికి వెళ్లాక పమిట రెండు చేతులా పరిచి చూపించడం రూలు. నేను పరచలేదు.

"వసంతా, చేతులు విప్పు" అంది తెర వెనక నుంచి లిల్లీ మేడమ్.

నేను నవ్వాను.

"పమిట పని చూపించమనండి" అన్నాడు ఏజెంటు.

"అమ్మాయ్, పమిట పరువమ్మా" అని కోటయ్యగారు అందరికీ వినపడేలా అరిచాడు. ఇక చూడండి ఈలలు. సొంత ఊళ్లో, మా నాన్నకు ఎదురుపడే మనుషుల ముందు, కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూశాను. కళ్లు మూసుకుని పరిచాను.

తెల్లటి పట్టు మీద రెండు ఎర్రటి మరకలు.

"ఇదేంటి, కొత్త డిజైనా?" అన్నాడు ఏజెంటు.

కోటయ్యగారు వ్యాపారస్తుడు. కొంప మునుగుతున్నా బేరం వదలడు. "అవునండి, కొత్త డిజైనండి. తెల్లదానికి ఎర్రమూల. ఈ సీజనుకు ఇదేనండి" అన్నాడు.

ఏజెంటు తల ఊపాడు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, మద్రాసు రైలు నాకు కనపడింది. సిగ్గులేని దాన్ని, ఇంకాస్త నవ్వాను.

రూతు లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "అది డిజైను కాదండి. నా పెళ్లిచీర" అంది.

తర్వాతి సంగతి త్వరగా చెప్పేస్తాను, నాకూ వయసైపోయింది. ఏజెంటు ఆ సాయంత్రమే రైలెక్కాడు, ఒక్కడే. కోటయ్యగారు నా జీతం కింద ఆ తెల్లచీరే చేతిలో పెట్టి, "పూచీ నీది కదమ్మా, చీర కూడా నీదే" అన్నాడు. మాస్టారు మా గుమ్మం దాకా వచ్చి "పోనీలేమ్మా, గుడ్డే కదా" అన్నారు. కొట్టి ఉంటే బాగుండేది. రూతు వాళ్లమ్మ పాత పెళ్లిచీర కట్టుకుని పెళ్లి చేసుకుంది. నేను చర్చిలో ఆఖరి వరస వెనక నిలబడ్డాను. నా పొడుగుకు దాక్కోవడం కుదరలేదు. రూతు చూసింది, చూపు తిప్పుకుంది.

చీరంటారా, పెళ్లికాని పిల్ల ఉన్న ఇంట్లో తెల్లచీర ఉంచుకోకూడదని అమ్మ గడప దాటనివ్వలేదు. కుంకుమ మరకల చీర ఇంకో క్రైస్తవ పెళ్లికూతురుకు పనికిరాదు. రెంటికీ చెడ్డ రేవడిలా పంచలో ట్రంకుపెట్టెలో పడి ఉంది. నాకు పెళ్లై తెనాలి వస్తే నాతో పాటు వచ్చింది. మొన్నామధ్య మావారు పోయినప్పుడు మా అత్తగారి వైపు పెద్దావిడ తెల్లచీర కావాలంటే, నా దగ్గరుందండి అని తీసి ఇచ్చాను. ఇన్నేళ్లకైనా పనికొచ్చిందనుకున్నాను. ఆవిడ మడత విప్పి చూసి, "ఎర్రమూలలు ఉన్నాయేంటమ్మా, ఇది కూడదు" అని పక్కన పెట్టింది. అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది. ఏడుస్తున్నాననుకుని అందరూ నా వీపు నిమిరారు.

రూతు ఆ తర్వాత నాతో మాట్లాడలేదని రాస్తే కథకు బాగుండేది. మాట్లాడింది. పెళ్లైన కొన్నేళ్లకు బాపట్ల స్టేషన్‌లో ఎదురుపడితే తనే ముందు నవ్వి, "బాగున్నారా అండి" అంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ "ఒసేయ్" తప్ప ఎరగని నోరది. "బాగున్నానండి" అన్నాను నేను.

కాబట్టి పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పరాయివాళ్ల పెళ్లిచీరకు పసుపు పెట్టను. పెట్టినా సబ్బుతో రుద్దను. ఏ మిల్లువాళ్లైనా ఈ వయసులో నన్ను మద్రాసు పిలిస్తే, ఇచ్చిన చీర ఇచ్చినట్టే కట్టుకుని, బెంచీల సందులో పడి, కాలు విరగ్గొట్టుకుని గౌరవంగా ఇంటికొస్తాను. ఒకవేళ ఎవరైనా నన్ను "ఒసేయ్ వసంతా" అని పిలిస్తే మాత్రం, ఈ ప్రమాణాలన్నీ రద్దు.