ఊరు బాగలేదన్న పొరుగాయన

డెబ్బైల చివర మేము తిరువళ్ళూరులో అద్దెకున్నప్పుడు పక్కింట్లో ఒక మిల్లు గుమాస్తా ఉండేవాడు. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని, కాలి మీది దోమను చరిచి, "ఇది మనుషులుండే ఊరేనా అక్కా? వచ్చే నెల మా అత్తగారూరు ఆర్.కె.పేటకి పోతాండాము" అనేవాడు. మేము రాకముందు నుంచీ కలిపి పదకొండేళ్ళుగా ఆ వచ్చే నెల రాలేదట.

ఒక సాయంత్రం ఆయన ఇల్లు చేరేసరికి భార్య పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆర్.కె.పేటలో మా అన్న మనకి మగ్గం చూసిపెట్టినాడు. బయల్దేరు మామా," అంది.

"ఇప్పుడేనా? కొంచెం ఆలోచించాల కదా!"

"నువ్వు ఆలోచిస్తా ఉండు. నేను నేస్తా ఉంటాను," అని ఆమె ఒక్కతే వెళ్ళి బస్సెక్కేసింది.

"ఆడోళ్ళకి తొందరెక్కువ," అని ఆయన నాకు వివరించాడు.

మరునాడు పొద్దున్నే ఖాళీ బిందెతో మా వాకిట్లోకి వచ్చాడు.

"అక్కా, మన వీధి కొళాయి యాడుండాది?"

ఆయన గుమ్మానికి ఎదురుగానే ఉంది. చూపించాను. అక్కడ వరసలో నిలబడ్డ ఆడవాళ్ళను, చేతిలోని బిందెను మార్చి మార్చి చూసి, ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికల్లా తలుపుకి తాళం పడింది. సంచీ భుజాన వేసుకుని బస్సు కోసం నడుస్తూ, నా దగ్గర ఆగి చెప్పాడు.

"బాగా ఆలోచించే పోతాండానక్కా."