మామ సైటును కోయిలకుంట్లకు తోలిన సంగతి

రెండే ముక్కల్లో చెప్తా, టీ చల్లారకముందే అయిపోతుంది. నేను ఒక అంకె తప్పు కొట్టాను, మా మద్దిలేటి మామకు పని పోయింది. అంతే.

కానీ ముందు మా కోడుమూరు పక్క మగాళ్ల సంగతి చెప్పాలి. బోరు వేయాలంటే వీళ్లు పెళ్లాం మాట వినరు, చదువుకున్న కూతురి మాట వినరు. టెంకాయ మాట వింటారు. టెంకాయను అరచేతిలో పెట్టుకుని చేలో నడుస్తుంటే, అది లేచి నిలబడిన చోట నీళ్లు ఉంటాయంట. ఆ టెంకాయ పట్టేది మా మామ. నీళ్లు పడకపోతే?

"టెంకాయ కరెక్టుగానే చెప్పింది. నీళ్లే మాట తప్పినాయి" అంటాడు.

ఆయన చేలో బోరు ఎండి నాలుగేళ్లయింది. సొంత చేలో టెంకాయను నమ్మకూడదంట. కాబట్టి ఎండాకాలం మూడు నెలలు ఊళ్లోవాళ్లకు పాయింట్లు చూస్తేనే ఆ ఇంట్లో ఏడాదంతా పొయ్యి వెలిగేది.

నేను ఇంట్లో కూర్చుని ఒక కంపెనీకి వెబ్‌సైట్లు రాస్తాను. మామకూ ఒకటి చేసిపెట్టాను. పైన ఆయన ఫొటో, కింద 'బోరు పాయింటు కావాలా?' అని బటన్. నొక్కితే మామకు మెసేజ్ పోతుంది. ఊరంతా దాన్నే నొక్కడం మొదలుపెట్టింది.

శివరాత్రికి మామ శ్రీశైలం నడిచిపోతానన్నాడు.

"పాపా, పది దినాలు నేనుండను. సైటుకొచ్చినోళ్లను మా ఖాజా తట్టు తిప్పు."

ఖాజా మామ శిష్యుడు, కోయిలకుంట్లలో ఉంటాడు. టెంకాయకు బదులు ఇతనిది వేప పుల్ల. అతని సైటూ నేనే చేశాను. మామ సైటుకే ఫొటో మార్చి ఇచ్చాను, లెండి. సర్వర్లో ఇలా దారి మళ్లించే రీడైరెక్టు పెట్టేటప్పుడు 302 అని రాస్తే 'ఇప్పటికి అక్కడికి పోండి' అని. 301 అని రాస్తే 'ఇక ఎప్పటికీ అక్కడికే పోండి, మళ్లీ మమ్మల్ని అడగొద్దు' అని. నేను ఏది కొట్టి ఉంటానో మీరే చెప్పండి.

మామ తిరిగొచ్చాడు, నేను ఆ లైను తీసేశాను. ఎండలు ముదిరాయి. మామకు ఒక్క మెసేజ్ లేదు.

"ఒక్కడు గూడా పిలవల్యా పాపా! ఖాజా మాత్రం దినానికి మూడు చేన్లు చూస్తాండాడంట. నా చేతి కింద నేర్చుకొని నా గిరాకీకే ఎసరు పెట్టినాడు!"

అప్పుడు నాకు వెలిగింది. సర్వర్ మర్చిపోయింది గానీ, నేను కొట్టిన 301ని ఊళ్లో ఫోన్లు మర్చిపోలేదు. మామ సైటు తెరవగానే, ఎవరినీ అడక్కుండా ఖాజా దగ్గరికి పోతున్నాయి. ఒక్కో ఫోనులో హిస్టరీ చెరిపితే తప్ప మారదు. ఇల్లిల్లూ తిరిగాను.

"హిస్టరీ అంటే ఏందమ్మా?" అన్నాడు పక్కింటి సుంకన్న.

"ఫోనులో ఇన్నాళ్లూ ఏమేం చూసినావో ఆ చిట్టా అన్నా."

"నా ఫోను బాగానే ఉండాది పోమ్మా" అని లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

ఫోను ఇచ్చినవాళ్లు ముగ్గురే. మా పెదనాన్న మీసాలకు రంగు గురించి పదకొండుసార్లు వెతికాడు. దుర్గమ్మక్క మొగుడి గురక ఆపే మందు వెతికింది. ఆ మొగుడు పెళ్లాం నోరు ఆపే మంత్రం వెతికాడు. నేను ఎవరికీ చెప్పలేదు, మీకు తప్ప.

ఇక దారిలేక మామ ముందు ఒప్పుకున్నాను.

"తప్పు నాదే మామా. ఖాజాది కాదు."

"వాణ్ని ఎనకేసుకు రావాకు!" అని మామ తన ఫోనులో తన సైటే తెరిచాడు. ఖాజా నవ్వుతూ కనిపించాడు. "సూడు, ఎట్ల నవ్వుతాండాడో!" అని కోపంగా బొటనవేలితో పొడిచాడు. ఆ వేలు పోయి బటన్ మీద పడింది.

తెల్లారేసరికి ఖాజా బండి మీద, వేప పుల్లతో దిగాడు.

"ఉస్తాద్! నన్ను మీ చేనికే పిలిచినారా! ఇన్ని దినాలు గిరాకీ పంపించింది చాలదా?"

మామ చేను చూపించాడు. గట్టు పక్కన పుల్ల వంగింది. రిగ్గు వచ్చింది. నీళ్లు పడ్డాయి.

మామ ఇప్పుడు పాయింట్లు చూడటం మానేసి ఉల్లిగడ్డ పెట్టాడు. టెంకాయను అత్త పచ్చడి చేసింది.

"పాపా, నా సైటును మళ్లీ ఖాజా తట్టే తిప్పు. ఈసారి శాశ్వతంగా."

మళ్లీ ఆ బోరు ఎండితే? ఒకటికి రెండుసార్లు చూసుకుని, జాగ్రత్తగా, 302 కొట్టాను.