సైరన్ రోజుల చేతిభాష

మొన్న మా అమ్మాయి నా ఫోనుకు ఒక సర్వే పంపింది. వినికిడి లేని పిల్లలు అందరితో కలిసి చదువుకోవడం మీద తను చేస్తున్న పరిశోధన అది. అలాంటి పిల్లల తల్లిదండ్రులు రోజూ నడుస్తారా, కంటినిండా నిద్రపోతారా అని కూడా అందులో అడిగింది. ప్రతిదానికీ ఒకటి నుంచి అయిదు దాకా ఏదో ఒక అంకె నొక్కాలి. చీరాలలో బట్టల కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి కదా, నడకకు మూడున్నర ఇస్తాను, ఒప్పుకుంటావా అని రాశాను. సర్వేలో బేరాలుండవు నాన్నా అని జవాబొచ్చింది. మీ పిల్లకు బడిలో చోటు సులువుగా దొరికిందా అన్న ప్రశ్న దగ్గర మాత్రం నా వేలు ఆగిపోయింది.

గల్ఫ్ యుద్ధం నాటికి మేము సౌదీలోని ధహ్రాన్‌లో ఉన్నాం. నేనొక కంపెనీలో సరుకుల కొనుగోళ్లు చూసేవాణ్ణి, అంటే జీతం పుచ్చుకుని బేరాలాడేవాణ్ణి. పుట్టినప్పటి నుంచీ వినపడని మా పిల్లకు అప్పుడు ఆరేళ్లు. దానితో మాట్లాడటానికి మా ఆవిడ ఇంట్లోనే సైగలు కల్పించింది. అరచేతులు దులిపితే అయిపోయిందని, మణికట్టు మీద వేళ్లు ఆనిస్తే కాస్త ఆగమని. సైరన్ మోగితే మేమూ, పక్కింటి మలయాళీ కుటుంబమూ కిటికీలకు టేపు అంటించిన లోపలి గదిలో చేరి గ్యాస్ మాస్కులు తగిలించుకునేవాళ్లం. వాటిలోంచి మాట్లాడితే బిందెలో తలపెట్టి మాట్లాడినట్టుండేది, ఒకరి మాట ఒకరికి అందేది కాదు. ఆ గదిలో తడుముకోకుండా కబుర్లు చెప్పగలిగింది మా పిల్ల ఒక్కతే. పక్కింటి అక్కాచెల్లెళ్లు దాని దగ్గర ముందు మంచినీళ్ల సైగ నేర్చుకున్నారు, తర్వాత అలక, చివరికి నా నడకను వెక్కిరించడం కూడా. ప్రమాదం తప్పిందని తెలియగానే ముగ్గురూ ఒక్కసారే అరచేతులు దులిపేవారు.

యుద్ధం ముగిసి బళ్లు తెరిచాక, ఆ అక్కాచెల్లెళ్లు చదివే మన ఇండియావాళ్ల బడికే మా ఆవిడనూ పిల్లనూ వెంటబెట్టుకుని వెళ్లి అడిగాను. అక్కడ కాదంటే తల్లీకూతుళ్లను ఇండియాకు పంపేసి నేనొక్కణ్ణే మిగలాలి. హెడ్మిస్ట్రెస్‌ది హైదరాబాదు. ముందు వరుసలో చోటు, ప్రత్యేకంగా టీచరు, విడిగా పాఠం అని పెద్దగా మొదలుపెట్టి, ఒక్కొక్కటే వదులుకుంటూ నాకు నిజంగా కావలసిన మామూలు బెంచీ దగ్గరికి దిగాను. ఆవిడ ఓపిగ్గా విని, "బేరం మంచిగనే జేస్తున్నరు సార్. కానీ టీచరు చెప్పేది పిల్లకెట్ల తెలుస్తది? ఏడ్చుకుంట ఇంటికొస్తే మీకే బాధ" అంది.

ఇక మిగిలింది ఆఖరి అస్త్రం. లేచి గుమ్మం వైపు మెల్లగా నడిచాను. మెట్లు దిగే గిరాకీని వెనక్కి పిలవకుండా మా నాన్న ఏనాడూ వదల్లేదు; ఇక్కడ ఎవరూ పిలవలేదు. నా వెనకే వరండాలోకి వచ్చిన మా ఆవిడ, "ఇదేమన్నా చీరల కొట్టా అండీ, రండి రండి అనడానికి" అంది, తడి కళ్లతోనే.

అప్పుడు ఇంటర్వెల్. పక్కింటి చెల్లెలు మా పిల్లను చూసి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరి చేతులూ ఆగలేదు. చుట్టూ చేరిన పిల్లలు ఆ సైగలేమిటో అడిగి తామూ చేయసాగారు. గంట కొట్టగానే ఆ చెల్లెలు అరచేతులు దులిపి చూపింది. మా పిల్లకు ఆట అయిపోయిందని అర్థమై, వాళ్లతోపాటు వరుసలో నిలబడి, తిన్నగా లోపలికి వెళ్లి బెంచీ మీద సర్దుకు కూర్చుంది. గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న హెడ్మిస్ట్రెస్ నావైపు తిరిగి, "కూసున్న పిల్లను నేనైతే లేపను. ఉండనీయండి, చూద్దాం" అంది. దారిలో మా ఆవిడ, "మొత్తానికి మీరు బయటికి నడవడం ఒక్కటే పనికొచ్చింది" అని ఎంతసేపు నవ్విందో.

ఇప్పుడు ఇలాంటి పిల్లలకు శిక్షణ పొందిన టీచర్లున్నారు, చెవికి యంత్రాలున్నాయి, ఒక పద్ధతి ప్రకారం నేర్పే సైగల భాష ఉంది. బేరమాడకుండా తీసుకోవలసినవే అవన్నీ. మా అమ్మాయి కూడా బయట ఆ భాషలోనే మాట్లాడుతుంది. పక్కింటివాళ్లు సౌదీలోనే యాన్బు అనే ఊరికి మారి, అటునుంచి ఎటు వెళ్లారో తెలియదు. ఆ లోపలి గదిలో పెరిగిన భాష తెలిసినవాళ్లం ఇక మా ముగ్గురమే, అదీ వీడియో కాల్‌లో. మాటలైపోగానే మా అమ్మాయి అరచేతులు దులుపుతుంది. నేను మణికట్టు మీద వేళ్లు ఆనిస్తాను. సర్వేలో బేరాలుండవన్న పిల్ల, ఆ ఒక్కదానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకుంటుంది.