జబ్బకి కట్టిన పట్టీ

ఇరవై ఏళ్ల కిందట అరకు కొండల్లో పిల్లల జబ్బలు కొలిచే సర్వేలో పనిచేశాను. మాకు మూడు రంగుల పట్టీలిచ్చేవారు. జబ్బకి చుడితే ఆకుపచ్చ దగ్గర ఆగిన పిల్ల బాగున్నట్టు, ఎరుపు దాకా వచ్చిన పిల్ల తిండిలేక ఎండిపోతున్నట్టు. రాసుకొచ్చేయడం మా పని. తిండి పెట్టడం ఎవరి పనో, ఎవర్నడిగినా చెప్పేవారు కాదు.

ఒకరోజు డుంబ్రిగుడ సంత నుంచి వచ్చే బస్సులో నా పక్కన ఒకామె, ఒళ్లో రెండేళ్ల పిల్లతో కూర్చుంది. పిల్ల జబ్బకి తాయెత్తులాగా మా పట్టీ! పైన నల్లదారంతో ముడి.

"ఇదెక్కడిదమ్మా?" అన్నాను.

"సార్లొచ్చి గుంటకి కట్టినారు బాబూ. ఇప్పేత్తంటే బతిమాలి ఉంచుకున్నాను. బలమొస్తాది గదా."

"మళ్లీ వచ్చారా వాళ్లు?"

"నేదు. ఇదేమో ఊరికే జారిపోతంది. నెలకోపాలి బిగించి కడతన్నాను."

వంగి చూశాను. మొదట ఎక్కడ కట్టిందో గానీ, ఇప్పుడు ముడి ఎరుపు మీదికి వచ్చేసింది.

"సదువుకున్నోడినాగున్నావు. ఇలా బిగిత్తే మంచిదేనా బాబూ?"

నా సంచి నిండా అవే పట్టీలు. కాలితో దాన్ని సీటు కిందికి నెట్టాను. నిజం చెబితే, మరి తిండేదని అడుగుతుంది.

"మంచిదేనమ్మా" అన్నాను.

ఆమె మొహం విప్పారింది. నా కళ్లముందే ఆ ముడి విప్పి, ఇంకాస్త బిగించి కట్టింది.